సికిల్ టెస్టులో ఏఎస్ అని వచ్చింది, పెళ్లి ఆపేయాలా?

ఏజెన్సీ కుర్రాడు:
మాది పాడేరు దగ్గర. ఊళ్లో సికిల్ సెల్ పరీక్షలు చేసినప్పుడు నా కార్డు మీద ఏఎస్ అని రాసిచ్చారు. నాకే ఇబ్బందీ లేదు, కాఫీ బస్తాలు మోస్తాను, కొండెక్కుతాను. మాఘమాసంలో మేనమామ కూతురితో పెళ్లి అనుకున్నారు. కార్డు చూసిన దగ్గర్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. ఇది జబ్బేనా? ఐరన్ మాత్రలు వేసుకుంటే పోతుందా?

ల్యాబ్ అన్న:
జబ్బు కాదు తమ్ముడూ. హిమోగ్లోబిన్ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నీకు ఒకటి మంచిది (ఏ), ఒకటి సికిల్‌ది (ఎస్), అందుకే ఏఎస్. రెండూ సికిల్‌వైతే ఎస్ఎస్, అదీ జబ్బు. అప్పుడు ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, 120 రోజులు బతకాల్సినవి 10-20 రోజులకే చితికిపోతాయి. ఐరన్‌తో జన్యువు మారదు, ఐరన్ తక్కువుందని తేలకుండా మింగొద్దు.
నీ పెళ్లి సంగతి తేలాల్సింది ఆ అమ్మాయి రిపోర్టులో. నీకు ఇది మీ అమ్మ వైపు నుంచే వచ్చి ఉంటే మీ మామకీ ఉండొచ్చు, ఆయన నుంచి కూతురికీ రావొచ్చు, మేనరికంలో చిక్కే అది. ట్యూబులో రక్తం కలిపి మసకబారిందా లేదా అని చూసే టెస్టుతో సరిపెట్టకండి, బీటా థలసీమియా ట్రైట్ (హిమోగ్లోబిన్‌దే ఇంకో జన్యు లోపం, ఒక్కరి నుంచే వచ్చినది) అందులో దొరకదు, సికిల్‌తో అది కలిసిన బిడ్డకీ జబ్బే. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ టెస్టు చేయించండి.

ఇద్దరు పిల్లల తల్లి:
మా ఆయనా నేనూ ఇద్దరం ఏఎస్సే, పెళ్లినాటికి తెలీదు. పెద్దాడికి ఎనిమిదో నెలలో చేతివేళ్లు అరటికాయల్లా ఉబ్బాయి, పట్టుకుంటే కెవ్వుమనేవాడు. పసరు కట్టు కట్టించాం, ఒక డాక్టరేమో కీళ్లవాతం అన్నాడు, ఎస్ఎస్ అని తెలిసేసరికి ఏడాదిన్నర. ఇప్పుడు నొప్పులు తరచూ రాకుండా హైడ్రాక్సీయూరియా, దాంతో ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాం, చలికాలం చన్నీళ్లు ముట్టనివ్వను, జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగను. రోజూ పొద్దున్నే ఎడమ డొక్క కింద వేళ్లు పెట్టి ప్లీహం పెరిగిందేమో చూస్తా, నర్సమ్మ నేర్పింది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పదకొండో వారంలోనే మాయలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు, ఏఎస్ అన్నారు. ఇప్పుడది బడికెళ్తోంది.

భద్రాచలం బావ:
నలుగురిలో ఒకరికే కదా వచ్చేది, ముగ్గురు బాగుంటారు, చేసేసుకో.

ల్యాబ్ అన్న:
బావా, అది వంతులవారీ లెక్క కాదు. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పుకీ విడిగా 25 శాతం. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి రెండో బిడ్డకి రాదనేం లేదు. అమ్మాయి మామూలు ఏఏ అయితే మాత్రం పిల్లల్లో ఎవరికీ ఎస్ఎస్ రాదు, నిక్షేపంగా చేసుకోవచ్చు.
మన కొండల్లో ఇది ఎక్కువెందుకంటే మలేరియా వల్ల. ఏఎస్ వాళ్లకి మలేరియా ముదిరి ప్రాణం మీదికి రావడం తక్కువ. అలా బతికి బట్టకట్టిన తాతల నుంచే మనదాకా వచ్చింది, ఎవరి పాపమూ కాదని మీ అమ్మకి చెప్పు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద 40 ఏళ్ల లోపు వాళ్లకి ఏజెన్సీలో సికిల్ పరీక్షలు ఉచితంగానే చేస్తున్నారు.

ఏజెన్సీ కుర్రాడు:
థాంక్స్ అన్నా, అక్కా. మామని అడిగితే “నా కూతురికి లోపం అంటగడతావా” అని లేచాడు. మీ మాటలన్నీ మరదలికి ఫోన్లో చదివి వినిపించాను. నాన్నకి చెప్పకు, సంత రోజు వచ్చి రక్తం ఇచ్చేస్తా అంది.