‘సంధింపడే’లో ఆ ‘డే’ ఎవరిది?

కాజీపేట తమ్ముడు: ఆఫీసులో కలిపి రాసిన ఇంగ్లీషు పేర్లను విడగొట్టే పని పడింది. రెగెక్స్‌లో, అంటే అక్షరాల వరుసను వెతికిపట్టే సూత్రంలో, చిన్నక్షరం పక్కన పెద్దక్షరం వచ్చిన చోట కోశాను, అయిపోయింది. అప్పట్నుంచి బడిలో చదివిన పోతన గజేంద్రమోక్షం పద్యం ఒకటి వదలట్లేదు: ‘సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపడే...’ తర్వాతేంది? ఆ ‘డే’ నొక్కి చెప్పడానికేనా?

జనగామ సార్: ‘పరివారంబును జీరడు’. సంధింపడు, ఏ పరివారంబును. ఆ ‘ఏ’ పరివారానిది.

మడికొండ అక్క: మా నాన్న పాడితే ‘డే’ దగ్గర సాగదీసి ఊపిరి తీసుకునేవాడు సార్. ‘సంధింపడే!’ అనే వినబడేది. ‘ఏ’ తీసేసినా ‘పరివారంబును జీరడు’ నిలబడుతుంది. ఆ ‘ను’ చాలదా?

జనగామ సార్: ‘ను’ ఉంది కాబట్టే ‘ఏ’ కావాలి, ఏ ఒక్కరినీ పిలవలేదని. మత్తేభంలో 20వ అక్షరం గురువు, అందుకే ‘డే’ అక్కడ పడింది. పాదం చివర అర్థం ఆగాలని ఏముంది? రెండో పాదం ‘డాకర్ణికాం’ దగ్గర ముగిసి, ‘తర ధమ్మిల్లము’ మూడో పాదంలోకి పోయింది. మాటనే నడుమ నరికాడు పోతన.

కాజీపేట తమ్ముడు: అంటే లైన్ చివర కోసినా తప్పే! మనకు పెద్దక్షరాలూ లేవాయె. పైథాన్‌లో మామూలుగా దొరికే రెగెక్స్‌తో పదాలు ఏరమంటే గుడిని, సున్నాను అక్షరాలుగానే లెక్కపెట్టలేదు. ‘సిరికిం’ కాస్తా స, ర, క అయి కూర్చుంది.

హనుమకొండ అన్న: ఇంగ్లీషులో మాత్రం ఏం నమ్మకం తమ్మీ? నీ సూత్రానికి ‘ఎక్స్‌ఎంఎల్‌పార్సర్’ ఇచ్చి చూడు. ఎక్స్, ఎం, ఎల్, పీ నాలుగూ పెద్దక్షరాలే, కత్తే పడదు. ప్రతి పెద్దక్షరం ముందూ కోయమంటే ఎక్స్, ఎం, ఎల్ తలో దిక్కు. అయినా కాళోజీ బడిపలుకులు వేరు, పలుకుబడులు వేరు అన్నాడు. కోస్తే రెండింట్లో అవే ముక్కలు, బడి, పలుకు. మరి ఆయన చెప్పిన తేడా ఏ ముక్కలో ఉన్నట్టు?

మడికొండ అక్క: కాళోజీని తెచ్చారంటే ఇక పోతన గతి అంతే. బమ్మెర ఇక్కడికి ఎంత దూరమని!

జనగామ సార్: ఆ మాట కడప జిల్లా ఒంటిమిట్ట వాళ్ల ముందు అను. పోతన ఊరు ఏకశిల, అది మాదేనంటారు.

హనుమకొండ అన్న: ఓరుగల్లును కోసి చూపిద్దాం, ఒరు, కల్లు. ఒకటే రాయి!

కాజీపేట తమ్ముడు: ‘డే’ సంగతి?

మడికొండ అక్క: నాన్న పాడిన క్యాసెట్ అటక మీద ఉండాలి. ఆదివారం దించుతా, ఊపిరి ఎక్కడ తీశాడో మీరే వినండి.

జనగామ సార్: ఊపిరి వ్యాకరణం కాదమ్మా. పెట్టు, వింటా.