మెదడులో పనిచేసే జీడీఎన్ఎఫ్ లేకపోతే కిడ్నీలు ఎందుకు రావు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని):
మెదడులోని డోపమైన్ న్యూరాన్లను (డోపమైన్ అనే రసాయనంతో సంకేతాలిచ్చే నాడీకణాలు) బతికించే ప్రోటీన్ అంటూ 1993లో జీడీఎన్ఎఫ్‌ను బయటపెట్టారు కదా. తీరా 1996లో ఆ జన్యువు తీసేసి చూస్తే ఎలుకపిల్లల్లో ఆ న్యూరాన్లు పుట్టేనాటికి మామూలుగానే ఉన్నాయి. చాలావాటికి కిడ్నీలే లేవు, పొట్ట దాటాక పేగుల్లో నాడీకణాలు లేవు. ఈ మూడింటికీ సంబంధం ఏంటండీ?

జవాబు (కిడ్నీ అభివృద్ధి మీద పనిచేస్తున్నాను):
రెట్ అనే రిసెప్టర్ (కణం పైపొర మీద ఉండి జీడీఎన్ఎఫ్ సంకేతాన్ని లోపలికి చేర్చే ప్రోటీన్) ఏ కణాల మీద ఉందో వెతకండి, చిక్కు విడిపోతుంది. ఎలుక పిండంలో 11వ రోజు దగ్గర వోల్ఫియన్ నాళం (పిండంలో మూత్ర, జనన వ్యవస్థలకు మూలమైన గొట్టం) గోడలో రెట్ ఉంటుంది. ఆనుకుని ఉన్న మెసెన్‌కైమ్ (వదులుగా ఉండే పిండ కణజాలం) జీడీఎన్ఎఫ్ వదులుతుంది. అది అందిన చోట నాళం నుంచి మొగ్గ తొడిగి, మెసెన్‌కైమ్‌లోకి చొచ్చుకెళ్లి కొమ్మలేస్తుంది. కిడ్నీకి మొదలు అదే. మొగ్గే రాకపోతే మెసెన్‌కైమ్ ఒంటరిగా ఏమీ కట్టలేక చచ్చిపోతుంది.

పిండం నుంచి తీసిన నాళాన్ని ఫిల్టర్ మీద పెంచుతూ, జీడీఎన్ఎఫ్‌లో నానబెట్టిన చిన్న పూస పక్కన పెట్టి చూడండి. నున్నగా ఉన్న అంచు పూస ఉన్న వైపే ఉబ్బుతుంది, ఒక్కటి రావాల్సిన చోట అదనపు మొగ్గలు లేస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు!

పేగు సంగతీ అంతే. మెడ దగ్గరి న్యూరల్ క్రెస్ట్ కణాలు (పిండంలో వలసపోయి నాడీకణాలు వగైరాగా మారేవి) రెట్‌తో పేగులోకి దిగుతాయి, పేగు గోడ జీడీఎన్ఎఫ్ ఇస్తూ వాటిని బతికిస్తుంది, కిందికి లాగుతుంది. మనుషుల్లో ఈ ప్రయాణం దాదాపు 4 నుంచి 7 వారాల మధ్య.

ఒకటి మర్చిపోకండి: జీడీఎన్ఎఫ్ నేరుగా రెట్‌ను పట్టుకోదు. ముందు జీఎఫ్‌ఆర్ ఆల్ఫా 1 అనే తోడు రిసెప్టర్‌కి అతుక్కుంటుంది, ఆ జోడీ వచ్చి రెండు రెట్‌లను దగ్గర చేస్తుంది.

జవాబు (పిల్లల సర్జన్):
ఆ ప్రయాణం మధ్యలో ఆగిపోతే మా దగ్గరికొస్తారు. హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు, సుమారు 5,000 మందిలో ఒకరికి. పుట్టి రెండు రోజులైనా మొదటి మలం రాదు, పొట్ట ఉబ్బుతుంది. బయాప్సీలో చివరి పేగులో నాడీకణాలు కనబడవు. దీనికి రెట్ జన్యువులో మ్యుటేషన్లు (మార్పులు) కారణమని 1994లో తేలింది. మనుషుల్లో ఆ జన్యువుకున్న రెండు కాపీల్లో ఒకటి చెడినా చాలు.

విద్యార్థిని:
ధన్యవాదాలు సర్. మరి రెట్ అతిగా పనిచేస్తే?

సర్జన్:
మెన్ 2 అనే వంశపారంపర్య సమస్య వస్తుంది, మెడ్యులరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్‌తో. విచిత్రం ఏంటంటే రెట్ ప్రోటీన్‌లో 620వ స్థానంలోని సిస్టీన్ (ఒక అమైనో ఆమ్లం) మారిన కొన్ని కుటుంబాల్లో రెండు జబ్బులూ ఉంటాయి. ఒకటి మారడంతో జత వీడిన సిస్టీన్ల వల్ల రెట్‌లు సంకేతం లేకుండానే కలిసిపోతాయి, అది థైరాయిడ్‌కు ముప్పు. అదే సమయంలో కణం పైపొరకు చేరే రెట్ తగ్గిపోతుంది, పేగు కణాలకు అది చాలదు. అందుకే హిర్ష్‌స్ప్రంగ్ పిల్లల్లో ఈ మ్యుటేషన్ కనబడితే థైరాయిడ్‌ను కూడా తప్పక చూడాలి.