ఉగాది నాటకం: కాపలా దళం ఆయుధాలు, ఎవరు ఏం చేయాలి

ప్రాప్స్, అంటే స్టేజీ సామాను చూసేవాడు (కర్నూలు నుంచి):

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇంగ్లాండ్ నుంచి ఊరొచ్చాను, ఇంకో పది రోజులు ఇక్కడే ఉంటాను. కాపలా దళం చేతికి ఏం ఇవ్వాలన్నది మొన్నటి కాల్‌లో తేలలేదు కదా, అందుకే నేను అనుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ఫోమ్ షీట్లు కోశాక మార్చాలంటే మన వీకెండ్లు రెండు పోతాయి.

కొత్తగా చేరినవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. 2120వ సంవత్సరం, కర్నూలు. సుంకేసుల దగ్గర కె.సి. కాలువ తూముల్ని, ఓర్వకల్లు వైపున్న సోలార్ పార్కుని కాపాడే దళం ఒకటుంది. అందులో ఉన్నది చుట్టుపక్కల పల్లెల పిల్లలే. ఒకరోజు డ్రోన్ల గుంపు వచ్చి పడుతుంది. ఎవరు పంపారు, ఎందుకు పంపారు అన్నది డైరెక్టర్ అక్క చూసుకుంటుంది.

మన పిల్లల టీమ్ పంపిన ఆయుధాల బొమ్మలన్నీ చూశాను. చాలా బాగా గీశారు. కానీ అన్ని తుపాకులూ నీలంగా మెరుస్తున్నాయి తప్ప, ఒక్కదాంట్లోనూ కరెంటు ఎక్కడినుంచి వస్తోందో, వేడి ఎటు పోతోందో కనబడలేదు. నేను కోరేది ఒక్కటే. ఆయుధం చూడగానే దాన్ని మోసేవాడి భుజం గుర్తుకు రావాలి. మోత, వేడి, దుమ్ము. ఈ మూడూ కనబడితే ముందు వరసలో కూర్చున్న ఇంజినీర్లూ నమ్ముతారు, వాళ్ల అమ్మానాన్నలూ నమ్ముతారు.

ముందు లేజర్ సంగతి, అందరూ అడుగుతున్నది అదే కాబట్టి. లేజర్ మన ఊరికి కొత్తేం కాదు. 2025 ఏప్రిల్ 13న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కర్నూలు దగ్గరి తన పరీక్షా రేంజ్‌లోనే, వాహనం మీద అమర్చిన లేజర్‌తో డ్రోన్లని కూల్చి చూపించింది. దాని శక్తి 30 కిలోవాట్లు. అది మనిషి భుజం మీద కాకుండా బండి మీద ఎందుకుందో చూడండి. లేజర్‌లోకి పంపిన కరెంటులో మూడో వంతు వెలుగుగా బయటికొస్తే అదే గొప్ప. అంటే 30 కిలోవాట్ల వెలుగుకి 90 కిలోవాట్ల కరెంటు కావాలి, మిగతా 60 వేడిగా మారుతుంది. మన ఇళ్లలో గీజరు 2 కిలోవాట్లు. ముప్ఫై గీజర్ల వేడిని వీపున కట్టుకుని ఎండలో నిలబడమంటే ఎవరు నిలబడతారు? వందేళ్లలో బ్యాటరీలు ఎంత మెరుగైనా ఆ వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే.

అందుకని లేజర్ సోలార్ పార్కులో ఒక టవర్ మీద ఉండాలి. ఆ పార్కు ఇప్పటికే 1000 మెగావాట్లది, కరెంటుకి కొదవ లేదు. టవర్ కాలి దగ్గర లావు కేబుళ్లు, పక్కన నీళ్ల ట్యాంకు, గొట్టాలు. స్టేజీ మీద ఇది గుడ్డ మీద వేసిన బొమ్మ అయితే చాలు.

ఇక్కడే అక్కకి ఒక మాట. లేజర్‌కి దుమ్ము పడదు. గాల్లో రేణువులు ఎక్కువైతే కిరణం చెదిరిపోతుంది, దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. ఓర్వకల్లు రోడ్డు మీద మే నెల గాలి ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దాడి చేసేవాళ్లు తెలివైనవాళ్లయితే దుమ్ము లేచిన రోజే వస్తారు. టవర్ గుడ్డిదైపోయాక కింద కాలినడకన ఉన్న పిల్లలే దిక్కు. అసలు కాల్బలం ఎందుకు కావాలి అన్న ప్రశ్నకి కథలోనే జవాబు దొరుకుతుంది.

ఇక చేతి ఆయుధాలు. అయస్కాంత తుపాకీ, అంటే కాయిల్ గన్, ఒకటి ఉంచుదాం. గొట్టం చుట్టూ ఉన్న తీగ చుట్టల్లోకి కరెంటు పంపితే, ఆ అయస్కాంత బలంతో తూటా పోతుంది. కానీ లెక్క చూడండి. ఇప్పటి 5.56 మిల్లీమీటర్ల రైఫిల్‌లో తూటా బరువు 4 గ్రాములు, వేగం సెకనుకి 900 మీటర్ల పైన, శక్తి సుమారు 1,700 జూళ్లు (జూల్ అంటే శక్తికి కొలత). కాయిల్ గన్‌తో అంతే శక్తి రావాలంటే, కరెంటులో 30 శాతం తూటాకి చేరుతుందని ఉదారంగా అనుకున్నా, ఒక్కో దెబ్బకి 5,700 జూళ్లు ఇవ్వాలి. కిలో లిథియం బ్యాటరీలో 9 లక్షల జూళ్లు ఉంటాయి, కాబట్టి నిల్వకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో వదలడం. దానికి కెపాసిటర్లు, అంటే కరెంటుని దాచి ఒక్కసారిగా వదిలేవి, కావాలి. మామూలు వాటిలో కిలోకి వెయ్యి జూళ్లు నిలవడమే ఎక్కువ. అక్కడే ఐదారు కిలోలు అయిపోయింది. ఇప్పుడు వేడి. తూటాకి పోగా మిగిలిన 4,000 జూళ్లు తీగల్లోనే ఉండిపోతాయి. పది తూటాలు కాల్చేసరికి కిలో రాగి వంద డిగ్రీలు ఎక్కుతుంది. మన ఎండలో మొదలయ్యేదే 42 దగ్గర. అంటే పది దెబ్బలకోసారి ఆగి చల్లార్చుకోవాలి. ఈ ఆగడం నాకు చాలా ఇష్టంగా ఉంది. నాటకంలో మాటలు చెప్పుకోవడానికి చోటు అక్కడే దొరుకుతుంది.

అందుకే మిగతావాళ్ల చేతిలో మందుగుండు రైఫిలే ఉండాలని నా అభిప్రాయం. 2120లో కూడా. పాతదని చులకన చేయొద్దు. తూటా మందు ఉండే ఇత్తడి కేసు, కాల్చాక బయటికి ఎగిరిపోతూ కొంత వేడిని తనతో తీసుకుపోతుంది. జర్మనీలో జి11 అనే రైఫిల్‌కి కేసు లేని తూటాలు పెట్టి చూశారు. తుపాకీలో తూటా కూర్చునే చోటు వేడెక్కి, తూటా దానంతటదే పేలడం వాళ్లని చాలా కాలం ఇబ్బంది పెట్టింది. అమెరికా నౌకాదళం ఏళ్ల తరబడి చేసిన రైల్‌గన్ (కరెంటుతో గుండు విసిరే ఇంకో రకం తుపాకీ) పనిని 2021లో ఆపేసింది, అది ఓడ మీద పెట్టాల్సినంత పెద్దది. మారుతున్నది గొట్టం కాదు, గురి. దూరం, గాలి లెక్క కట్టి గురి దిద్దే స్కోపులు ఇప్పటికే వచ్చేశాయి. ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచితే, గురి డ్రోన్ మీద సరిగ్గా కుదిరిన క్షణంలోనే తూటా వదిలే రకం కూడా ఉంది. కాబట్టి మన రైఫిల్‌కి గొట్టం మామూలుగా, మీద స్కోపు డబ్బా కాస్త పెద్దగా, దాని అద్దానికి దుమ్ము పడకుండా రబ్బరు మూత. నటులు మాటిమాటికీ ఆ అద్దం తుడవాలి. ఎర్ర తువ్వాలు అయితే ఇంకా బాగుంటుంది.

డైరెక్టర్ అక్క:

దుమ్ము లేచిన రోజే దాడి అన్నది నాకు బాగా నచ్చింది తమ్ముడూ. రెండో సీను ఈ రాత్రికే మార్చేస్తా. ఒక సందేహం. మనవాళ్లు చిన్న లేజర్లతో శత్రువుల కళ్లు పోగొట్టి గెలిచినట్టు రాసుకున్నాను. ఉంచొచ్చా?

ప్రాప్స్:

తీసేయండి అక్కా. మనిషిని శాశ్వతంగా గుడ్డివాణ్ణి చేయడానికే తయారు చేసిన లేజర్లని నిషేధిస్తూ 1995లోనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మనవాళ్లు ఆ పని చేస్తే ప్రేక్షకులు మన పక్షాన ఉండరు. కావాలంటే శత్రువు పక్షానికి ఇవ్వండి, దాంతో వాళ్లెలాంటివాళ్లో ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. మనవాళ్ల చేతి లేజరు లక్ష్యాన్ని గుర్తు పెట్టి చూపించడానికి మాత్రమే.

హాలు, పర్మిషన్లు:

డిజైన్ అంతా బాగుంది కానీ ఒక పెద్ద విషయం మర్చిపోతున్నాం. ఇంగ్లాండ్‌లో 2006 నాటి చట్టం ప్రకారం నిజమైన తుపాకీలా కనబడే నకిలీ తుపాకీని తయారు చేయడం, బయటినుంచి తేవడం నేరం. నాటకాలకి మినహాయింపు ఉంది. అయినా ఎయిర్‌పోర్టులో నిలబడి అది నిరూపించుకునే టెన్షన్ మనకెందుకు? కర్నూలు నుంచి తుపాకీ ఆకారంలో ఏదీ తేవొద్దు. ఇక్కడ చేసినవి కూడా కారులోంచి హాల్లోకి మూసిన సంచుల్లోనే రావాలి. నలుపు, బూడిద రంగులు వద్దే వద్దు. పసుపు, నారింజ, ఎరుపు లాంటి కొట్టొచ్చే రంగు చాలావరకు ఉంటే నిజమైనదానిలా ఉందని అనరు. పొగ మిషన్ కూడా కుదరదు, ఫైర్ అలారం మోగుతుంది.

ప్రాప్స్:

అన్నా, మంచి పని చేశారు. నేను దీన్ని అడ్డంకి అనుకోవడం లేదు. అన్నీ పసుపు చేసేద్దాం, జేసీబీ పసుపు. కారణం కథలోనే ఉంది. మనది రాజుగారి సైన్యం కాదు, కాలువనీ సోలార్ పలకల్నీ బాగుచేసే పనివాళ్లే అవసరానికి దళం అయ్యారు. వాళ్ల పనిముట్లు ఏ రంగులో ఉంటాయో ఆయుధాలూ ఆ రంగులోనే ఉంటాయి. అంచులు అరిగినట్టు, రంగు లేచినచోట గోధుమ రంగు పెన్సిల్‌తో రుద్దినట్టు చేస్తే చాలు. పొగ వద్దు, దుమ్ముని పసుపు లైటుతో, గాలి శబ్దంతో చూపిద్దాం.

ఇంకొకటి, నిన్న పొద్దున జరిగింది చెప్పాలి. మా శనగ చేలో పచ్చపురుగు పడితే, నాన్నకి బదులు నేను మందు కొట్టాను. ఛార్జింగ్ స్ప్రేయర్, 16 లీటర్ల ట్యాంకు. నిండితే అంతా కలిపి 20 కిలోల దాకా వస్తుంది. మొదటి సాలులో ఏమీ తెలియలేదు. మూడో సాలుకి పట్టీ మెడకీ భుజానికీ మధ్య కండలోకి దిగింది. ఆపి చూస్తే, నాన్న పట్టీ కింద పాత టవల్‌ని నాలుగు మడతలు పెట్టి కుట్టుకున్నాడు. నేను తగిలించుకునేటప్పుడు అది పక్కకి జరిగిపోయింది. సరిచేసుకుని మళ్లీ ఎత్తుకున్నా. ట్యాంకు సగమయ్యాక నీళ్లు లోపల కొట్టుకుంటూ మనిషిని పక్కకి లాగుతాయి. నాన్న అంత చిన్న అడుగులు ఎందుకు వేస్తాడో ఇన్నేళ్లకి అర్థమైంది. నల్లరేగడి చెప్పులకి అంటుకుని ఒక్కో కాలు ఒక్కో కిలో. గట్టు మీద నాన్న కూర్చుని, వంగొద్దు, నడుము పట్టీ బిగించు అని అరుస్తున్నాడు.

మన కాయిల్ గన్ నాకు అక్కడ దొరికింది. వీపున కెపాసిటర్ల డబ్బా, అదే ట్యాంకు. నడుము పక్కనుంచి ముందుకొచ్చే గొట్టం, అదే కేబుల్. చేతిలో పొడుగు గొట్టం. ఖాళీ ట్యాంకు, పట్టీలు సూట్‌కేసులో తెస్తాను. అది వ్యవసాయ సామాను, ఎవరూ ఏమీ అనరు. తుపాకీ భాగం మాత్రం అక్కడే ప్లాస్టిక్ పైపుతో, ఫోమ్‌తో చేద్దాం. గొట్టం చుట్టూ రాగి రంగు తీగ చుట్టలు ఆరు, వాటి మధ్య గాలి ఆడేలా సందులు. ఇది ఇద్దరి ఆయుధం. ఒకరు మోసి కాలుస్తారు, ఇంకొకరు తడి గోనెపట్టా పట్టుకుని చుట్టల్ని చల్లారుస్తూ లెక్క చెబుతారు: ఎనిమిది, తొమ్మిది, పది, ఆపు.

సౌండ్ చేసే తమ్ముడికి: కాయిల్ గన్‌కి కూడా జుయ్ మనే చప్పుడు వద్దు. తూటా శబ్దం కన్నా వేగంగా పోతే గాల్లో కొరడా చరిచినట్టు చప్పుడు తప్పదు. దానికి ముందు ఛార్జింగ్ కూత, పాత కెమెరా ఫ్లాష్ వెలిగేముందు సన్నగా పైకి పోయే కూత ఉంటుంది చూడు, అది కావాలి. ప్రేక్షకులకి రెండు సీన్లలో అలవాటైపోతుంది. మూడో సీన్లో కూత మొదలై మధ్యలో ఆగిపోతే హాలంతా ఊపిరి బిగపట్టాలి. నటులకి: మందుగుండు లేదు కదా అని వెనక్కి తన్నుడు మానొద్దు. తూటా ముందుకి పోతే తుపాకీ వెనక్కి రావాల్సిందే.

పిల్లల టీమ్ వదిన:

మా జమ్మలమడుగు వైపు నుంచి ఒక మాట కలపొచ్చా? గండికోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కాలంలో ఫిరంగులు పోత పోసే పని పెట్టించారు. 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఆ సంగతి రాసిపెట్టాడు. పోత పోసే పనిలో ఉన్నవాడు కూడా ఫ్రెంచివాడే. దళంలో పెద్దాయన పాత్ర పిల్లలకి ఇది చెబితే బాగుంటుంది. బయటివాడి నైపుణ్యం అరువు తెచ్చుకున్న చోటే ఇప్పుడు మన పిల్లలు సొంతంగా తయారు చేసుకుంటున్నారని. ఇంకోటి, ఎనిమిదేళ్లలోపు వాళ్లకి ఆయుధాలు వద్దు, దయచేసి.

ప్రాప్స్:

వదినా, గండికోట మాట తప్పకుండా పెట్టాలి, డైరెక్టర్ అక్కకి నా తరఫున కూడా చెబుతున్నాను. చిన్నపిల్లల విషయంలో నాదీ అదే మాట. వాళ్లకి నీళ్ల డబ్బాలు, తడి పట్టాలు, తుడిచే గుడ్డలు ఇద్దాం. దళంలో ఆ పని చేసేవాళ్లు లేకపోతే పది దెబ్బల తర్వాత అందరూ నిలబడిపోవాలి, కాబట్టి వాళ్లది నిజంగానే పెద్ద పని.

పనులు: ఫోమ్, పైపులు, పసుపు స్ప్రే పెయింట్ హాలు అన్న దగ్గరి షాపులో దొరుకుతాయట, ఆయన తెస్తారు. రైఫిళ్లు ఆరు, కాయిల్ గన్‌లు రెండు. స్కోపు డబ్బాలకి పాత టిఫిన్ బాక్సులు ఎవరి దగ్గరైనా ఉంటే పక్కన పెట్టండి. ఒక్కో రైఫిల్ లోపల ఇసుక నింపిన సీసా పెట్టి రెండు కిలోలకి తగ్గకుండా చేద్దాం. బరువు లేని తుపాకీని బరువున్నట్టు పట్టుకోవడం ఎంత మంచి నటుడికైనా కష్టం.

ట్యాంకు మోసే ఇద్దరూ భుజం నుంచి నడుము దాకా కొలత శుక్రవారంలోగా ఇక్కడ రాయండి. నాన్న కుట్టుకున్నట్టే టవల్ పట్టీలు రెండు జతలు కుట్టించి తెస్తాను.

కాయిల్ గన్ 1:

అన్నా, నాది 18 అంగుళాలు. ఎడమ భుజం పోయినేడు క్రికెట్‌లో పట్టేసింది, ఆ వైపు మడత ఒకటి ఎక్కువ వేయించండి.

కాయిల్ గన్ 2:

17. ఆ మూడో సీన్లో కూత ఆగిపోయేది ఎవరి గన్? నాదైతే ముందే చెప్పండి, ప్రాక్టీస్ చేసుకోవాలి.

డైరెక్టర్ అక్క:

నీదే.