సైన్స్ పరీక్షల గ్రేడ్ థ్రెషోల్డులను ముందుగా అంచనా వేయవచ్చా?

ప్రశ్న: పదో తరగతి విద్యార్థిని తల్లి, కొండాపూర్

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడి ఒక పాఠశాలలో కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ బోర్డు పరీక్ష) చదువుతోంది. వచ్చే మార్చిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటినీ విడివిడి సబ్జెక్టులుగా, ఎక్స్‌టెండెడ్ అనే పై స్థాయిలో రాయబోతోంది. ఆమె చదువు గురించి నాకు బెంగ లేదు. చదువుకోవలసిన సమయంలో చాలా భాగం గ్రేడ్ థ్రెషోల్డుల, అంటే ఒక్కొక్క గ్రేడుకు కావలసిన కనీస మార్కుల లెక్కలకే పోతోందన్నది నా బెంగ. పాత సంవత్సరాల పట్టికలన్నీ డౌన్‌లోడ్ చేసుకుని, ఏ సిరీస్‌లో (ఏ విడత పరీక్షలలో) అత్యున్నత గ్రేడైన ఏ స్టార్‌కు (A*) ఎన్ని మార్కులు అవసరమయ్యాయో ఒక చార్టు గీసి గోడకు అంటించుకుంది. ప్రతి మాక్ పరీక్ష తరువాత తన మార్కులను ఆ చార్టుతో పోల్చుకుని, ఒక ఏడాది లెక్కన ఏ స్టార్ వచ్చేదని సంతోషిస్తుంది, మరో ఏడాది లెక్కన ఏ కూడా అంతంతమాత్రమేనని అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

మొన్నటి ఫిజిక్స్ మాక్‌లో ఆమెకు పేపర్ 2 (బహుళైచ్ఛిక ప్రశ్నలు)లో 40కి 33, పేపర్ 4 (థియరీ)లో 80కి 58, పేపర్ 6 (ప్రయోగాలకు బదులుగా రాసే పరీక్ష)లో 40కి 29 వచ్చాయి. మొత్తం 160కి 120, అంటే 75 శాతం. దీనికి ఏ గ్రేడు వస్తుందని పాఠశాలలో అడిగితే థ్రెషోల్డును బట్టి ఉంటుందన్నారు. మా మామగారు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. నూటికి 91 వస్తే ఏ1, 81 వస్తే ఏ2 అని పరీక్షకు ముందే చెప్పాలి గాని, పిల్లలు రాసేశాక గీత గీయడం ఎక్కడి న్యాయమని ఆయన అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. పైగా రాబోయే మార్చి థ్రెషోల్డులంటూ కొన్ని టెలిగ్రామ్ గ్రూపులలో అంకెలు తిరుగుతున్నాయి. వాటిని నమ్మవచ్చా? అసలు ఈ పిల్ల ఎన్ని మార్కులను లక్ష్యంగా పెట్టుకోవాలి?

సమాధానం: ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, తార్నాక

మేడమ్, నేను ఈ సిలబస్‌నే బోధిస్తున్నాను. ముందుగా మీ కూడికను సరిచేయవలసి ఉంది. ఈ మూడు పేపర్ల మార్కులను నేరుగా కలపకూడదు. పేపర్ 2కు 30 శాతం, పేపర్ 4కు 50 శాతం, పేపర్ 6కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. మొత్తాన్ని 200 మార్కులకు లెక్కిస్తారు. అంటే పేపర్ 2 మార్కులను ఒకటిన్నరతోనూ, పేపర్ 4 మార్కులను ఒకటీ పావుతోనూ హెచ్చించాలి. పేపర్ 6 మార్కులు ఉన్నవి ఉన్నట్టే కలుస్తాయి. ఆ ప్రకారం మీ అమ్మాయికి 49.5, 72.5, 29 కలిపి 200కు 151 వచ్చాయి. శాతంలో తేడా స్వల్పమే, కాని ఏ పేపర్‌లో పోయిన మార్కు ఎంత ఖరీదైనదో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఇక మీ మామగారి ప్రశ్న. ఆయన అడిగినదానిలో అర్థముంది గాని, స్థిరమైన గీతలోనూ ఒక అన్యాయం దాగి ఉంటుంది. 91 అన్న గీత కదలనప్పుడు, ఒక ఏడాది ప్రశ్నపత్రం కఠినంగా వస్తే ఆ భారమంతా ఆ ఏడాది పిల్లలమీదే పడుతుంది. అంతకుముందు ఏడాది పిల్లలకంటే ఏమాత్రం తక్కువ తెలియకపోయినా వాళ్లకు ఏ1 తప్పిపోతుంది. కేంబ్రిడ్జ్ పద్ధతిలో జవాబు పత్రాలను దిద్దిన తరువాత, అనుభవజ్ఞులైన పరీక్షకులు గీతకు అటూ ఇటూ ఉన్న పత్రాలను పాత సంవత్సరాల పత్రాలతో పోల్చి చూసి, ఆ ఏడాది గణాంకాలను కూడా పరిశీలించి గీతను నిర్ణయిస్తారు. పేపర్ కఠినంగా ఉంటే గీత దిగుతుంది, తేలికగా ఉంటే పైకి పోతుంది. పరీక్ష హాలు నుంచి బయటికి వచ్చిన పిల్లలు పేపర్ చాలా కష్టంగా ఉందని ఏడవడం నేను ఏటా చూస్తాను. అందరికీ కష్టంగా ఉన్న పేపర్‌లో గీత కూడా దిగుతుందన్న సంగతి ఆ సమయంలో వాళ్ల చెవికెక్కదు.

కాబట్టి టెలిగ్రామ్ అంకెలకు ఏ విలువా లేదు. జవాబు పత్రాలు ఇంకా రాయనే లేదు, వాటిని చూసి గీయవలసిన గీత ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

గోడమీది చార్టును చింపివేయమని నేను చెప్పను గాని, దానిని ఎలా చదవాలో ఆమెకు చెప్పండి. కోవిడ్ కారణంగా 2020, 2021 సంవత్సరాలలో పరీక్షలూ గ్రేడ్లూ మామూలుగా సాగలేదు, 2022లో కూడా గ్రేడింగులో కొంత వెసులుబాటు కొనసాగింది, 2023లో గాని పాత ప్రమాణానికి తిరిగి రాలేదు. అందువల్ల ఆ మధ్య సంవత్సరాల అంకెలను పూర్తిగా పక్కన పెట్టాలి. తరువాత, ఒకే సిరీస్‌లో ఒకే పేపర్‌కు వేరువేరు వేరియంట్లు, అంటే వేరువేరు ప్రశ్నపత్రాలు ఉంటాయి, వాటి థ్రెషోల్డులూ వేరువేరుగా ఉంటాయి. మార్చి సిరీస్ మన దేశంలో మాత్రమే జరుగుతుంది. అందువల్ల మార్చి రాసే పిల్ల మే–జూన్ పట్టికలతో పోల్చుకుని దిగులుపడడంలో అర్థం లేదు. మరొక ముఖ్యమైన విషయమేమిటంటే, ఏ స్టార్ అనేది విడి పేపర్లకు ఉండదు, మూడు పేపర్లూ కలిసిన మొత్తానికే ఉంటుంది. ఒక పేపర్ చెడిందని మిగతా రెండూ వృథా అయినట్టు కాదు. ఈ ఒక్క మాట అర్థమైతే పరీక్షల మధ్య రోజులలో పిల్లలకు సగం ఆందోళన తగ్గుతుందని నా అభిప్రాయం.

లక్ష్యం ఎంతని అడిగారు. 2023 తరువాతి మార్చి పట్టికలలో ఆమె రాసే పేపర్ల కలయికకు ఏ స్టార్‌కు అన్నిటికంటే ఎక్కువగా పడిన అంకెను తీసుకుని, దానిమీద మరో నాలుగైదు మార్కులు వేసుకుని, ఆ అంకెను ఒకచోట రాసుకుని పట్టికలు మూసేయమనండి. ఆ తరువాత చూడవలసింది పోయిన మార్కులను. పేపర్ 4లో పోయిన 22లో నాలుగు తిరిగి తెచ్చుకుంటే మొత్తానికి 5 కలుస్తాయి, పేపర్ 2లో రెండు తెచ్చుకుంటే 3 కలుస్తాయి, పేపర్ 6లో ఐదు తెచ్చుకుంటే 5 కలుస్తాయి. 151 కాస్తా 164 అవుతుంది. వెయిటేజీ ప్రకారం పేపర్ 6 మార్కు అన్నిటికంటే చవక, కాని తక్కువ శ్రమతో దొరికేది కూడా అదే. ఇంత తెలివైన పిల్లకు అందులో 29 రావడం చూస్తే, దానిని ఎవరూ శ్రద్ధగా నేర్పలేదేమోనని నాకు అనుమానం.

సమాధానం: ఇద్దరు పిల్లల తండ్రి, కూకట్‌పల్లి

మా ఇంట్లో పెద్దవాడు సీబీఎస్‌ఈ, చిన్నది స్టేట్ బోర్డు. ముందే చెప్పిన గీతే న్యాయమైనదని మీ మామగారు అంటున్నారు కనుక మా అనుభవం కూడా చెబుతాను.

సీబీఎస్‌ఈలో 91 వస్తే ఏ1 అన్న నియమం లేదు. ఆ సబ్జెక్టులో ఉత్తీర్ణులైనవారందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి, మొదటి ఎనిమిదో వంతుకు ఏ1, తరువాతి ఎనిమిదో వంతుకు ఏ2, అలా గ్రేడ్లు ఇస్తారు. సైన్స్‌లో రాతపరీక్ష 80, ఇంటర్నల్ 20 కలిసి మావాడికి 90 దాటినా ఏ1 వస్తుందో రాదో ఫలితాల రోజు వరకు మాకు తెలియలేదు. అయితే మెమోపై మార్కులు కూడా ఉంటాయి కాబట్టి మేము గ్రేడును పెద్దగా పట్టించుకోలేదు.

చిన్నదాని విషయంలో గీత ముందే తెలుసు. ఆమె భౌతిక రసాయన శాస్త్రం ఒక రోజు, జీవశాస్త్రం మరో రోజు, ఒక్కొక్కటి 40 మార్కులకు గంటన్నర చొప్పున రాస్తుంది. గీత తెలిసి ఉండడం వల్ల మాకు ప్రశాంతత దొరికిందని మాత్రం చెప్పలేను. జీపీఏ ఉన్న రోజులలో 90 వచ్చిన పిల్లకూ 91 వచ్చిన పిల్లకూ మధ్య ఒక గ్రేడు తేడా ఉండేది, 91 వచ్చిన పిల్లకూ 99 వచ్చిన పిల్లకూ తేడాయే ఉండేది కాదు. మా బంధువుల ఇళ్లలో ఆ ఒక్క మార్కు కోసం జరిగిన రాద్ధాంతం నాకింకా గుర్తుంది. తెలంగాణలో 2025 ఫలితాల నుంచి జీపీఏ పద్ధతిని తీసేసి మార్కులు ఇస్తున్నారు. ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా కాలేజీల ఫ్లెక్సీలమీద పదికి పదులకు బదులు 590లు కనబడుతున్నాయి, అంతే.

సమాధానం: ఇంటర్ ఎంపీసీ విద్యార్థి, సైనిక్‌పురి

ఆంటీ, నేను ఇదే బోర్డులో పది పూర్తిచేసి ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాను. సార్ పేపర్ 6 గురించి చెప్పినది అక్షరాలా నిజం. దానిలో కొత్తగా చదవవలసిన పాఠం చాలా తక్కువ, పద్ధతులే ఎక్కువ. పట్టిక గీస్తే ప్రతి గడి పక్కన కాకుండా శీర్షికలోనే యూనిట్ రాయాలి. గ్రాఫ్ గీస్తే బిందువులు ఇచ్చిన గళ్లలో సగానికి మించి పరుచుకునేలా స్కేలు ఎంచుకోవాలి, బిందువు నుంచి బిందువుకు గీతలు కలపకుండా అన్నిటికీ సరిపడే ఒకే గీత గీయాలి. బయాలజీలో బొమ్మ గీసేటప్పుడు షేడింగ్ చేయకూడదు, రూపురేఖ తెగకుండా ఒకే సన్నని గీతగా ఉండాలి. కెమిస్ట్రీలో వాయువుల పరీక్షలు తడుముకోకుండా రావాలి: ఆక్సిజన్‌కు నిప్పురవ్వ ఉన్న పుల్ల తిరిగి మండుతుంది, హైడ్రోజన్‌కు మండుతున్న పుల్ల పెడితే టప్పుమంటుంది, కార్బన్ డయాక్సైడ్ సున్నపు తేటను పాలలా మారుస్తుంది, అమ్మోనియా తడి ఎర్ర లిట్మస్‌ను నీలిరంగుకు మారుస్తుంది. ఇవన్నీ ఏటా ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉన్నారు.

పేపర్ 4లో మార్కులు పోయేది ఎక్కువగా ప్రశ్న అడిగిన క్రియను గమనించకపోవడం వల్ల. వర్ణించమన్నప్పుడు ఉష్ణోగ్రత పెరిగితే చర్య వేగం పెరుగుతుందని రాస్తే చాలు. వివరించమన్నప్పుడు మాత్రం కణాల గతిశక్తి పెరుగుతుందని, అవి మరింత తరచుగా ఢీకొంటాయని, ఉత్తేజక శక్తిని మించిన శక్తి గల కణాల నిష్పత్తి పెరుగుతుందని కారణాలు రాయాలి. నేను పాత పేపర్లు రాసిన తరువాత మార్క్ స్కీమ్ పక్కన పెట్టుకుని, ఒక్కొక్క మార్కుకు వాళ్లు ఏ మాట కోరుతున్నారో చూసి నా జవాబును తిరిగి రాసేవాడిని. గంటా పావులో 80 మార్కుల పేపర్ రాయాలి కాబట్టి వేగం కూడా అలాగే వచ్చింది. థ్రెషోల్డులు నేను కూడా చూసేవాడిని, కాకపోతే పేపర్ దిద్దుకోవడం పూర్తయ్యాకే చూసేవాడిని.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెయిటేజీ లెక్క మా అమ్మాయికి చూపించాను. ఆమెకు అది ముందే తెలుసట, నాకు చెప్పడం అనవసరమనుకుందట! పేపర్ 6 మాత్రం పాఠశాలలో ఇంకా మొదలే పెట్టలేదని చెప్పింది. చివరగా ఒక సందేహం మిగిలింది. మే నెలలో ఫలితం వచ్చాక గీతకు ఒకటి రెండు మార్కుల దూరంలో ఆగిపోతే ఏం చేయాలి?

సమాధానం: ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, తార్నాక

పాఠశాల ద్వారా పునఃపరిశీలన కోరవచ్చు, దానికి రుసుము ఉంటుంది. అందులో మార్కులు పెరిగే అవకాశం ఉన్నట్టే తగ్గే అవకాశం కూడా ఉంది. అందువల్ల దరఖాస్తు చేసే ముందు, ఆమెకు కింది గ్రేడు గీత ఎంత దూరంలో ఉందో కూడా చూడండి; అది దూరంగా, పై గీత దగ్గరగా ఉంటే అడగవచ్చు. ఫలితం వచ్చిన వెంటనే పాఠశాలలోని పరీక్షల అధికారిని కలవండి, ఎందుకంటే దరఖాస్తు గడువు తక్కువగా ఉంటుంది, అదే సమయంలో ఇంటర్ ప్రవేశాల హడావిడి కూడా మొదలవుతుంది.

పేపర్ 6 ఇంకా మొదలుపెట్టలేదన్నారు కనుక పాఠశాల కోసం ఎదురుచూడవద్దు. 2023 తరువాతి మార్చి పేపర్లతోనే మొదలుపెట్టమనండి, ఎందుకంటే ఆ ఏడాది నుంచి సిలబస్ మారింది. ఒక్కొక్క పేపర్‌కు గంట సమయం పెట్టి, సబ్జెక్టుకు వారానికొకటి చొప్పున రాస్తే మార్చికి సరిపోతుంది.