స్లీవ్ సర్జరీ తర్వాత తగ్గిన బరువు మళ్లీ పెరుగుతోంది, ఏం చేయాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. వయసు 44, బ్యాంకులో పని చేస్తాను. 2019లో హైదరాబాద్‌లో స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసే ఆపరేషన్) చేయించుకున్నాను. అప్పుడు 114 కిలోలు ఉండేదాన్ని. షుగరు, మోకాళ్ల నొప్పులు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం. ఏడాదిన్నర తిరిగేసరికి 73కి వచ్చాను. షుగర్ మాత్రలు ఆపేశారు. లిఫ్ట్ పనిచేయకపోయినా మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కేదాన్ని.

ఇప్పుడు 87. ఒక్కసారిగా పెరగలేదు, మూడో ఏడు నుంచి కొంచెం కొంచెంగా ఎక్కింది. అదే టైములో బ్రాంచి మారింది, మా అత్తగారు మంచాన పడ్డారు, నెలసరి క్రమం తప్పింది. నేను కంచం నిండా తినేస్తున్నానని అందరూ అనుకుంటారు. ఈ రోజుకీ రెండో ఇడ్లీ సగంలో ఆగిపోతాను. కానీ మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు కౌంటర్‌లో కూర్చునే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వెంటనే ఏదైనా తీపి తినాలనిపిస్తుంది. టీలో ముంచి బిస్కెట్లు తింటే సర్దుకుంటుంది. సాయంత్రం మళ్లీ జంతికలో, కారప్పూసో.

నిరుడు ఫాలోఅప్‌కి వెళ్తే నా మాట వినకుండానే "మీరు నోరు కట్టుకోలేదు" అనేశారు. మళ్లీ అక్కడికి వెళ్లబుద్ధి కాలేదు. పెళ్లిలో మా ఆడపడుచు "అంత డబ్బు పోసి కోయించుకున్నావు, మళ్లీ మొదటికొచ్చావుగా" అంది నలుగురిలో. నేను మొదటికి రాలేదు. 27 కిలోలు ఇంకా తగ్గే ఉన్నాను. నిద్రలో ఊపిరి ఆగినట్టవడం మళ్లీ రాలేదు. ఆ మాట ఎవరికి చెప్పను?

నా పొట్ట సాగిపోయిందా? మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా? ఇప్పుడొచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు మాలాంటి వాళ్లకు ఇస్తారా? ఏ పరీక్షలు చేయించుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, టెన్షన్‌తో సరిగా నిద్ర పట్టడం లేదు.

రిటైర్డ్ టీచర్, బెజవాడ:

అమ్మా, నాది బైపాస్, 2014లో. గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపేది. నాకూ నాలుగో ఏడు నుంచి పెరిగింది. ముందు ఆ మాటలన్నీ పక్కన పెట్టు. 27 కిలోలు తగ్గి ఆరేళ్లు నిలబెట్టుకున్నావంటే చిన్న విషయం కాదు.

నీ ఇడ్లీకీ జంతికలకీ తేడా చెప్తాను. ఇడ్లీ, గుడ్డు, చికెన్ ముక్క పొట్టలో కాసేపు ఉంటాయి, అందుకే సగానికే చాలనిపిస్తుంది. జంతికలు, కారప్పూస, బిస్కెట్లు నోట్లోనే పొడిపొడి అయిపోయి సులువుగా దిగిపోతాయి. పొట్ట ఎంత చిన్నదైనా వాటిని ఆపలేదు. నేను ఇంట్లో డబ్బాలు మార్చేశాను. చేతికందే అరలో ఉడికించిన శనగలు, వేయించిన పల్లీలు. మనవలకు తెచ్చిన కారాలు పై అరలో.

భోజనంలో మొదటి ముద్ద అన్నం కాదు. ముందు గుడ్డో, చేప ముక్కో, గట్టి పప్పో స్పూనుతో తింటాను. అది అయ్యాక చోటుంటేనే అన్నం. మంచినీళ్లు భోజనంతో పాటు తాగను, అరగంట ఆగుతాను. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మాత్రం జీవితాంతం. బరువు సంగతి ఎలా ఉన్నా వాటిని వదలకూడదు.

డైటీషియన్, విశాఖ:

మేడమ్, మీ పోస్టులో నన్ను ఆపిన వాక్యం చేతుల వణుకు. అన్నం తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వణుకు, చెమట, తీపి మీద లాగడం, ఇవి ఆకలి కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు. స్లీవ్‌లో పొట్టలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలింది అరటికాయలా సన్నగా ఉంచుతారు. తిన్న అన్నం అందులోంచి పేగుల్లోకి గబగబా వెళ్లిపోతుంది. రక్తంలో షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది, దానికి ఇన్సులిన్ అవసరానికి మించి వస్తుంది, ఆ తర్వాత షుగర్ కిందికి పడుతుంది. బిస్కెట్ తింటే లేస్తుంది, కాసేపటికి మళ్లీ పడుతుంది. ఇది బైపాస్‌లో ఎక్కువ, స్లీవ్‌లోనూ ఉంది. దీన్ని పట్టించుకోకుండా నోరు కట్టుకోమనడం చాలా అన్యాయం.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే బ్యాగులో పెట్టుకుని, వణుకు వచ్చినప్పుడే చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. సర్దుకున్నాక గుడ్డు గానీ పల్లీలు గానీ తినండి. స్పృహ తప్పేలా ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

బరువు సంగతి. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండేళ్లకు కనిష్ఠానికి వెళ్లి, తర్వాత కొంత తిరిగి రావడం చాలామందిలో జరిగేదే. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవాళ్లు మొదటి రెండేళ్లలో శరీర బరువులో సగటున 32 శాతం దాకా తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర నిలిచారు. అందులో స్లీవ్ లేదు, కానీ గ్రాఫు తీరు మీకు అర్థమవుతుంది. బరువు తగ్గిన శరీరం తక్కువ కేలరీలతోనే సరిపెట్టుకోవడం నేర్చుకుంటుంది, ఆకలి హార్మోన్లూ మారతాయి.

పరీక్షలు: థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), డీ విటమిన్, కాల్షియం, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపులో ఉంచే హార్మోన్). వాడుతున్న మందులన్నీ రాసి తీసుకెళ్లండి. స్టెరాయిడ్లు, కొన్ని డిప్రెషన్ మందులు, ఇన్సులిన్ బరువు పెంచుతాయి. నెలసరి మార్పుల గురించి గైనకాలజిస్టుకు కూడా చెప్పండి. మీ వయసులో అది చిన్న కారణం కాదు. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములు తగ్గకూడదు. గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, కాబట్టి ఒక్క గుడ్డు, ఒక గరిటె పప్పుతో లెక్క తీరదు. శాకాహారపు రోజుల్లో పనీరు, మీల్‌మేకర్ తప్పనిసరిగా పెట్టుకోండి.

ఓరుగల్లు:

అక్కా, నాది కూడా స్లీవే. నాకు బరువుతో పాటు ఛాతీలో మంట, పడుకుంటే పులుపు గొంతులోకి వచ్చేది. ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే చేస్తే పొట్ట కొంత వెడల్పైంది, పైన హెర్నియా (పొట్ట పై భాగం ఛాతీలోకి జారడం) ఉంది. అందుకే బైపాస్‌గా మార్చారు. రెండో ఆపరేషన్‌లో ప్రమాదం మొదటిదానికన్నా ఎక్కువ అని సర్జన్ ముందే చెప్పిండు. ఒక్క బరువు కోసమైతే తొందరపడొద్దు, మంట ఉంటే మాత్రం చూపించుకో.

ఇంజెక్షన్ల గురించి: మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో వచ్చాయి. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లకూ డాక్టర్లు రాస్తున్నారు. మా తమ్ముడు వాడుతుండు, ఆకలి బాగా తగ్గింది, కానీ మొదట్లో వాంతులు. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. కండ కూడా తగ్గుతుంది, అందుకే ప్రొటీన్, బరువులు ఎత్తే వ్యాయామం వదలొద్దు. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లు, తమకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ మెడల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ముందుగానే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనేది కాదు ఇది.

గోదారిగట్టు:

మీ అందరికీ రుణపడి ఉంటాను. డైటీషియన్ గారూ, మీటర్ బ్రాంచికి తీసుకెళ్లాను. మూడింటికి వణుకు మొదలవగానే చూస్తే 58. ఆ అంకె చూసి క్యాష్ క్యాబిన్‌లోనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ దాన్ని నా బలహీనత అన్నారు, నేనూ నిజమేననుకున్నాను.

పాత చోటికి వెళ్లలేదు. విజయవాడలో ఇంకో సర్జన్‌ని కలిశాను. ఆయన నా కాగితాలన్నీ చదివి, ముందు షుగర్ పడిపోవడం సరిచేద్దాం, ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాత అన్నారు. అన్నం తగ్గించి కొద్దికొద్దిగా విడతలుగా తినమన్నారు, ఎండోస్కోపీ రాశారు. టీచర్ గారూ, మీరు చెప్పినట్టు మొదటి ముద్ద చేప ముక్క. మా అత్తగారికీ అలాగే పెడుతున్నాను, ఆవిడకూ ప్రొటీన్ కావాలన్నారు.

ఒక సందేహం. కార్తీక మాసం ఉపవాసాలు ఉండొచ్చా? మా ఇంట్లో సోమవారాలు తప్పవు.

డైటీషియన్, విశాఖ:

58 చూశాక పూర్తి ఉపవాసం ఈ ఏడాదికి వద్దు మేడమ్. పాలు, పెరుగు, పనీరు, పల్లీలు చెల్లుతాయంటే రెండున్నర, మూడు గంటలకోసారి కొంచెం తీసుకోండి. అరటిపండు, చెరకు రసం, బెల్లం పాయసం వాటినొక్కటే తీసుకోకండి, అవే మళ్లీ షుగర్‌ని పైకి లేపి పడేస్తాయి. మీటర్ రీడింగులు టైముతో సహా రాసి పెట్టండి, ఎండోస్కోపీ రోజున ఆ పుస్తకం డాక్టర్‌కి చూపించండి. ఇలా షుగర్ పడిపోవడం ఆహారంతో తగ్గకపోతే దానికి మాత్రలు కూడా ఉన్నాయి.