గల్లా అరుణకుమారిని గెలిపించింది పుట్టింటి పేరా, అత్తింటి ఫ్యాక్టరీయా?

పాకాల వాసి:
మొన్న ఒక పెళ్లిలో మొదలైన వాదన ఇక్కడికి తెస్తున్నాను. చంద్రగిరి నుంచి నాలుగుసార్లు (1989, 1999, 2004, 2009) కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచిన అరుణకుమారి ఉమ్మడి రాష్ట్రంలో రోడ్లు భవనాల శాఖ, తరవాత గనుల శాఖ చూశారు. మరోపక్క ఆ కుటుంబానిది అమరరాజా బ్యాటరీల కంపెనీ. ఒకాయన "డబ్బుంది కాబట్టి గెలిచింది" అన్నాడు. ఇంకొకాయన "రాజగోపాలనాయుడి కూతురు కాబట్టి గెలిచింది" అన్నాడు. ఆమె సొంతంగా గెలిచిందని మాత్రం పందిట్లో ఒక్కరూ అనలేదు. నాకు అదే గుచ్చుకుంది. మీరేమంటారు?

నీలిసిరా:
ఇంటిపేరులోనే గల్లా ఉంది, ఇక వేరే చెప్పాలా!

లెక్కల మాస్టారు:
ఈ గల్లాపెట్టె హాస్యం నా చిన్నప్పటి నుంచి వింటున్నాను, అరిగిపోయింది. తేదీలు చూద్దాం. అమరరాజా పుట్టింది 1985లో. ఆమె మొదటిసారి గెలిచిన 1989కి దాని వయసు నాలుగేళ్లు. కారు బానెట్ ఎత్తితే కనిపించే ఆ ఆకుపచ్చ అమరాన్ బ్యాటరీ బజారులోకి వచ్చింది 2000లో. అంటే కంపెనీ పేరు ఇంటింటికీ చేరకముందే ఆమె రెండుసార్లు గెలిచింది, 1994లో ఒకసారి ఓడింది కూడా. అదే కంపెనీ వేల కోట్లకు చేరాక, 2014లో, తెలుగుదేశం టికెట్ మీద నిలబడి చెవిరెడ్డి భాస్కరరెడ్డి చేతిలో ఓడింది. డబ్బే గెలిపించేటట్లయితే ఈ వరుస తలకిందులుగా ఉండాలి.

నీలిసిరా:
సరే, డబ్బు కాదు. మరి తండ్రి? పాటూరి రాజగోపాలనాయుడు 1977లో, 1980లో చిత్తూరు ఎంపీ. రైతు నాయకుడు ఎన్జీ రంగా శిష్యుడు. జిల్లాలో ఆయన మాటకున్న బరువు తెలియనివారు లేరు. వారసత్వం కాక మరేమిటి?

పాకాల వాసి:
పేరు ఇంటి తలుపు తెరిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ చంద్రగిరి ఎవరి గడ్డో మర్చిపోతున్నారు. నారావారిపల్లె ఉన్నది అక్కడే. 1978లో చంద్రబాబు మొదటిసారి ఎమ్మెల్యే అయింది అక్కడి నుంచే. 1994లో ఆమెను ఓడించింది ఆయన తమ్ముడు రామ్మూర్తినాయుడు. ఆ తరవాత ఎన్నికల్లో, రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచిన 1999లో, ముఖ్యమంత్రి సొంతూరున్న నియోజకవర్గంలో ఆమె తిరిగి గెలిచింది. 2009లో రోజాను ఓడించింది. తండ్రి 1997లోనే పోయారు. పోయినాయన పేరు చెప్పుకుని ఎన్ని ఎన్నికలు నెట్టుకురాగలరు?

కరకంబాడి కార్మికుడు:
మా బాబాయి, నేను ఇద్దరమూ ఆ ఫ్యాక్టరీలోనే చేశాం. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని కంపెనీ బస్సు ఎక్కేవాళ్లం. 2009లో బాబాయి వేలికి సిరా చుక్కతో వచ్చి, "జీతం కంపెనీది, ఓటు నాది" అంటూ ప్రజారాజ్యానికి వేసినట్లు బస్సులో అందరికీ వినబడేలా చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఉద్యోగం ఆయన చేసుకున్నాడు. ఫ్యాక్టరీ ఉంటే ఓట్లన్నీ పడిపోతాయనుకునేవాళ్లు ఒకసారి ఆ బస్సు ఎక్కి చూడాల్సింది.

ఓటరు 1989:
మీరంతా ఎలా గెలిచిందన్న దగ్గరే తిరుగుతున్నారు. నా ప్రశ్న గెలిచాక సంగతి. ఇంట్లో పరిశ్రమ, చేతిలో మంత్రి పదవి. అడ్డుకునే చట్టమేదీ లేదా?

లెక్కల మాస్టారు:
ఉంది, కానీ దాని కన్నం పెద్దది. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం ఎమ్మెల్యే తన వ్యాపారంలో భాగంగా రాష్ట్ర ప్రభుత్వానికి సరుకు ఇచ్చే ఒప్పందం గానీ, పనులు చేసే ఒప్పందం గానీ చేసుకుని, అది నడుస్తుంటే అనర్హత. ఎమ్మెల్యే విషయంలో లెక్కలోకి వచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. రైల్వేలకు బ్యాటరీలు అమ్మితే అది కేంద్రం, ఇక్కడ లెక్కకు రాదు. పైగా కంపెనీ వేరు, వాటాదారు వేరు. గనుల లీజు సరుకు సరఫరా ఒప్పందం కిందికి రాదని 1960ల్లోనే సుప్రీంకోర్టు తేల్చింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే.

ఇక మంత్రులకు కేంద్ర హోంశాఖ ప్రవర్తనా నియమావళి ఒకటుంది. పదవి చేపట్టే ముందు వ్యాపార నిర్వహణతో సంబంధం తెంచుకోవాలి. ప్రభుత్వానికి సరుకు అమ్మే వ్యాపారమైతే యాజమాన్యం కూడా వదులుకోవాలి, దాన్ని భార్యకో భర్తకో రాసిచ్చి చేతులు దులుపుకోకూడదు. అందులో ఉన్నది ఇదీ. అయితే అది చట్టం కాదు. రాష్ట్ర మంత్రి పాటిస్తున్నారో లేదో చూడాల్సింది ముఖ్యమంత్రి. ఆయన చూశారో లేదో చూసేవారు లేరు.

నీలిసిరా:
అందులో భర్తే స్థాపించిన కంపెనీ అయితే? ఆమె వదులుకోవడానికి ఏముంటుంది, కాపురమా?

ఓటరు 1989:
వ్యంగ్యం పక్కన పెడితే, మీరన్నది నిజమైన చిక్కే. కంపెనీ పెట్టింది రామచంద్రనాయుడు, తరవాత నడిపింది కొడుకు జయదేవ్. ఆమెను అసలు వ్యాపారవేత్త అనాలా వద్దా అన్నదే తేలదు. మన దగ్గర ఆడవాళ్ల విషయంలో ఇదొక సౌకర్యం. గెలుపు చెప్పాల్సి వస్తే "అంతా భర్త కంపెనీ" అంటాం, అనుమానం వస్తే "ఆమె కంపెనీ" అంటాం.

అయినా భూమి సంగతి వదిలేది లేదు. ఆమె అధికార పార్టీలో ఉన్న కాలంలోనే బంగారుపాళెం మండలం నూనెగుండ్లపల్లెలో వాళ్ల సంస్థకు 483 ఎకరాలు ఇచ్చారు. 2020లో జగన్ ప్రభుత్వం, ఆ సంస్థ భూమిని వాడలేదంటూ అందులో 253 ఎకరాలు వెనక్కి తీసుకోబోతే హైకోర్టు ఆపింది.

పాకాల వాసి:
2020లో కొడుకు ప్రతిపక్ష ఎంపీ అన్నది కూడా కలిపి చెప్పండి. 2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి ఫ్యాక్టరీలు మూసేయమంది, దాన్నీ హైకోర్టు నిలిపివేసింది. అధికారంలో ఉన్నప్పుడు రాజకీయం కంపెనీకి ఎంత మేలు చేసిందో నాకు తెలియదు గానీ, దిగిపోయాక చేసిన చేటు కళ్లారా చూశాం. 2022లో 9,500 కోట్ల లిథియం బ్యాటరీల ప్రాజెక్టు చిత్తూరుకు రాక మహబూబ్‌నగర్‌కు వెళ్లింది. 2024 జనవరిలో జయదేవ్ రాజకీయాల నుంచే తప్పుకున్నారు.

కరకంబాడి కార్మికుడు:
కక్ష అని ఒక్క మాటలో కొట్టేయకండి. లోపల పని చేసినవాణ్ని. బ్యాటరీల్లో వాడే సీసం గాలిలో కలిస్తే కంటికి కనబడదు, రక్తంలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. మాకు ఆ పరీక్షలు చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఎవరు చేస్తారు? నోటీసు వెనక కక్ష ఉండొచ్చు, నేలలో సీసమూ ఉండొచ్చు. ఒకటుంటే రెండోది లేనట్లు కాదు.

లెక్కల మాస్టారు:
ఈ చర్చ మొత్తంలో పనికొచ్చిన మాట ఇదే. భూమికీ ఇదే కొలత. ఇచ్చినప్పుడు పలుకుబడి ఉండొచ్చు, తీసుకున్నప్పుడు కక్ష ఉండొచ్చు. కేటాయింపు ఫైలు మీద ఎవరేం రాశారో చూడకుండా మనం అనేవన్నీ పెళ్లిపందిరి కబుర్లే.

ఓటరు 1989:
ఫైలు అడిగితే ఇస్తారా?

లెక్కల మాస్టారు:
పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద, పరిశ్రమలకు భూములిచ్చే ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీకి దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నిర్ణయం ఎప్పుడో అయిపోయింది కాబట్టి మంత్రివర్గ కాగితాలనే సాకు చెప్పడమూ కష్టమే. దరఖాస్తు నేను రాస్తాను. కేటాయింపు జీవో నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.