కళ్లూ చెవులూ పనిచేయని గినీ పిగ్ పిల్లకు తోడు తేవాలా, వద్దా?

పటమట
అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో ఏడు వారాల ఆడ గినీ పిగ్ పిల్ల ఉంది. ఒళ్లంతా తెలుపు, అందుకే మల్లి అని పిలుస్తున్నాం. కళ్లు ఆవగింజంత, చూపు లేదు. పక్కనే పళ్లెం పడి మోగినా తల తిప్పదు. ముందు పళ్లు వంకరగా ఉండి గడ్డి కొరకలేకపోతోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ రోన్ రంగువి కావడమే కారణమని డాక్టరు గారు చెప్పారు. రంగు వెంట్రుకల మధ్య తెల్ల వెంట్రుకలు కలిసి ఉండేవాటిని రోన్ అంటారట. అలాంటి రెండింటిని జత కడితే పుట్టే పిల్లల్లో సుమారు నాలుగో వంతు ఇలా పుట్టవచ్చట. ఈ రోజు తూకం 262 గ్రాములు. అమ్మినవారి దగ్గర దీని తోబుట్టువు ఇంకా ఉంది, అది 410 గ్రాములు, చురుగ్గా ఉంది. తెచ్చి తోడు పెట్టమంటారా?

బ్రాడీపేట మాస్టారు
తప్పకుండా తెచ్చుకోండి. ఇవి గుంపుగా బతికే జీవులు. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి నిబంధనల ప్రకారం ఒక్కదాన్నే పెంచకూడదు. చూపు, వినికిడి లేని పిల్లకు మిగిలినవి వాసన, మీసాలు, స్పర్శ. పక్కన మరొకటి ఉంటే దాని వెంట నడిచి గడ్డి ఎక్కడుందో, నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకుంటుంది. మేము గుంటూరులో ఒకదాన్ని మూడేళ్లు ఒంటరిగా పెంచాం. రెండుంటే కొట్టుకుంటాయని అమ్మినవాడు చెబితే నమ్మాను. అది పగలంతా ఒకే మూలలో, గోడవైపు ముఖం పెట్టుకుని కూర్చునేది. అది పోయాక ఆ మూలలో మరో వస్తువు పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

గడ్డిపరక
తోడు సంగతి తరువాత. ఏడు వారాలకు 262 అంటే పిల్ల కడుపు నిండడం లేదు. ముందు పళ్లు వంకరగా ఉన్నాయంటే దవడ పళ్లు కూడా చూపించి తీరాలి. వీటి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కింది దవడ పళ్లు నాలుక మీదుగా వంతెనలా పెరిగితే మింగడమే కష్టమవుతుంది. రోజూ ఒకే వేళకు వంటింటి తూకం మీద తూచి కాగితం మీద రాయండి. గుళికల మేత గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి 1 మి.లీ. సిరంజితో పెట్టండి. ముందు పళ్ల వెనుక ఉండే ఖాళీలోంచి, పక్కగా, కాస్త కాస్త. నమిలి మింగాకే తరువాతి చుక్క. నేరుగా గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కొత్తపేట
వీటి ఒంట్లో సి విటమిన్ తయారు కాదు. గోంగూర పెట్టండి. మన ఊళ్లో దానికి కొదవా?

గడ్డిపరక
గోంగూర వద్దు. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. ఈ జాతికి మూత్రంలో రాళ్ల బాధ ఎలాగూ ఉంది.

బ్రాడీపేట మాస్టారు
ఎప్పుడో ఒక ఆకు తింటే రాయి ఏర్పడదు. మావాడికి నెలకోసారి పెట్టేవాళ్లం, ఏమీ కాలేదు.

గడ్డిపరక
మీ ఇంట్లో ఏమీ కాలేదని అందరికీ చెప్పకండి. మునగాకు కూడా వద్దు, సున్నం ఎక్కువ. జామపండు చాలు. వంద గ్రాముల జామలో 200 మి.గ్రా. పైనే సి విటమిన్ ఉంటుంది. ఎదిగే పిల్లకు కిలో బరువుకు రోజుకు 30 మి.గ్రా. అనుకున్నా మల్లికి కావలసింది 8. అంటే నాలుగైదు గ్రాముల జామ. కొరకలేదు కాబట్టి గింజలు తీసి గుజ్జుగా పెట్టండి. నీళ్లలో విటమిన్ చుక్కలు కలపకండి, నిలవ ఉంటే బలం పోతుంది.

బ్రాడీపేట మాస్టారు
జామలో తీపి సంగతి మరిచారు. రోజూ తీపి పండు పెట్టమని ఏ డాక్టరూ చెప్పరు. ఎర్ర క్యాప్సికం, కొత్తిమీర ఉన్నాయి కదా.

గడ్డిపరక
నాలుగు గ్రాములు, మాస్టారూ! బొటనవేలి గోరంత! అడిగింది ఒకటి, మీరు పట్టుకుని వేలాడుతున్నది ఒకటి.

తెనాలి దారి
ఒక మాట. మేము జలుబు చేసిందని తీసుకెళ్తే కుక్కపిల్లలకు ఇచ్చే అమాక్సిసిలిన్ చుక్కలే రాసిచ్చారు. నోటిద్వారా పెన్సిలిన్ జాతి మందులు వీటికి విషంతో సమానమని అప్పుడు మాకు తెలియదు. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మా పిల్ల నాలుగో రోజున పోయింది. చీటీ ఇంకా దాచుకున్నాను. ఏ మందు ఇచ్చినా పేరు అడిగి రాసుకోండి. తోడు గురించి నాకేమీ తెలియదు.

నీలిగోడ
ఆ తోబుట్టువు ఆడదో మగదో డాక్టరుకు చూపించాకే తెండి. అమ్మేచోట తరచూ పొరబడతారు. మగది మూడు నాలుగు వారాలకే జత కట్టగలదు. అదీ రోన్ అయితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

వేసవి గాలి
మన ఎండల్లో ఇవి 30 డిగ్రీలు దాటితేనే అల్లాడిపోతాయి. పంజరంలో చిన్న షాబాద్ బండ ముక్క వేయండి, గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. అయితే ఒకసారి పెట్టిన చోటు మార్చకండి, చూపులేని పిల్ల తడుముకుంటుంది.

ఉదయరాగం
ఒక మాట అంటే కోపగించుకోకండి. చూపు లేదు, వినికిడి లేదు, తినలేదు. పళ్లు అరగదీయడానికి కొన్ని వారాలకోసారి మత్తుమందు. ఇంత బాధలో బతికించడం ఎవరి కోసం?

పటమట
కోపం కాదు, బాధగా ఉంది. నిన్న రాత్రి తిన్నాక అది ఉన్నచోటే గాలిలోకి ఎగిరి గిరుక్కున తిరిగి దూకింది. సంతోషం వస్తేనే ఇవి అలా దూకుతాయట. మూడుసార్లు దూకింది. అంతకంటే నేనేం చెప్పను?

గడ్డిపరక
అమ్మా, సిరంజితో రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు? ఎవరు పెడుతున్నారు?

పటమట
ఐదుసార్లు. నేను ఉదయం ఎనిమిదికి బయలుదేరితే మళ్లీ రాత్రికే. పగలంతా మా అమ్మే చూసుకుంటుంది. అమ్మకు 61.

బ్రాడీపేట మాస్టారు
చూశారా, అందుకే తోడు కావాలంటున్నాను. మీ అమ్మగారికి కూడా కాస్త ఊపిరి తిరుగుతుంది.

గడ్డిపరక
నేను భయపడుతున్నది ఈ మాటకే. ఇంతవరకూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. నా దగ్గర పళ్ల జబ్బు ఉన్న పిల్ల ఉండేది. తోడు తెచ్చాను. రెండూ ఒకదానికొకటి ఆనుకుని పడుకునేవి. ఉదయం పంజరం నిండా పెంటికలు, గడ్డి బుట్ట ఖాళీ. రెండూ తింటున్నాయని నమ్మాను, తూచడం మానేశాను. పదో రోజున చేతిలోకి తీసుకుంటే వెన్నెముక వేళ్లకు తగిలింది. తిన్నదంతా రెండోదే, పెంటికలన్నీ దానివే. నాది ఊరికే పక్కన కూర్చుని ఉంది. తోడు దొరికిందని ఊపిరి పీల్చుకున్నది నేను. ప్రాణం పోయింది దానిది.

బ్రాడీపేట మాస్టారు
చాలా బాధగా ఉందమ్మా. కానీ అందులో తప్పు తూకం ఆపడంలో ఉంది, తోడులో లేదు.

గడ్డిపరక
తూకం ఎందుకు ఆపాను? రెండూ ఉన్నాయి, బాగున్నాయి అనుకుని! తెచ్చిన ప్రతివాళ్లూ అలాగే అనుకుంటారు. మీరు నిన్నటి నుంచి తోడు తోడు అని ఊదరగొడుతున్నారు కానీ, సిరంజి పట్టుకునే చేయి ఎవరిదని ఒక్కసారైనా అడిగారా?

బ్రాడీపేట మాస్టారు
నేను మూడేళ్లు తూచానమ్మా, ఒక్క వారం తప్పలేదు. మావాడి బరువు 1,050 గ్రాముల దగ్గర నిలకడగా ఉండేది. ఆ అంకె చూసి బాగున్నాడనుకున్నాను. గోడవైపు ముఖం పెట్టుకున్న ప్రాణిని పట్టుకుని బాగున్నాడనుకున్నాను. మీరు పెంటికలు చూసి మోసపోయారు, నేను తూకం చూసి మోసపోయాను. తూకం సరిపోతే చాలని ఎవరైనా అంటే ఊరుకోలేను.

నీలిగోడ
ఇద్దరూ కాసేపు ఆగండి. పాపం, అడిగినవారు ఏమనుకుంటారు.

పటమట
నేను పటమట వాళ్ల అమ్మను. అమ్మాయి ఫోనులో అన్నీ చదివాను. మీరందరూ పెద్ద మనసుతో రాశారు, కానీ నన్నెవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు ఊపిరి ఆడకపోవడం లేదు. మల్లిని ఎత్తుకునే ముందు నేల మీద అరచేత్తో రెండుసార్లు తడతాను. ఆ అదురు తెలిసి నా వైపు తిరుగుతుంది. చేయి వాసన చూపిస్తాను, అప్పుడు ఎత్తుతాను. మొదటి వారం సిరంజి తగలగానే వణికిపోయేది. ఇప్పుడు రెండు చేతులతో దాన్ని పట్టుకుని లాక్కుంటుంది. ఒక్కో పూటకు ఇరవై నిమిషాలు పడుతుంది. రెండోది వచ్చినా ఈ ఐదు పూటలూ నేనే పెడతాను, తూకం ఉదయం ఆరింటికి నేనే వేస్తాను. కానీ రాత్రి పదకొండుకు లైటు ఆర్పి వచ్చేస్తాం. మళ్లీ తెల్లవారే దాకా అది ఎవరిని తాకుతుంది? నాకు నిద్ర పట్టనిది ఆ ఆలోచనకే.

గడ్డిపరక
అమ్మా, మన్నించండి. మీరు పెడతానంటే నాకు అడ్డు చెప్పే మాట లేదు. మొదటి రెండు వారాలు మధ్యలో జాలీ పెట్టండి. జాలీ తీశాక కూడా మల్లికి మేత విడిగా, మీ ఒళ్లో. పెంటికలు చూసి ఏదీ నమ్మకండి.

బ్రాడీపేట మాస్టారు
గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. పళ్ల సంగతి అక్కడ కూడా అడిగి చూడండి. గోంగూర విషయంలో మీరు చెప్పిందే నిజం, గడ్డిపరక గారూ. పుస్తకం తీసి చూశాను.

పటమట
తొమ్మిది రోజుల తరువాత రాస్తున్నాను. తోబుట్టువు ఆడదేనని డాక్టరు గారు చూసి చెప్పాక తెచ్చాం. పేరు ఇంకా పెట్టలేదు. మొదటి రాత్రి మల్లి జాలీ దగ్గరికి రాలేదు. మూడో రాత్రి మీసాలు జాలీలోంచి అవతలికి పెట్టి ఆగింది. అవతలిది కూడా కదలలేదు. తెల్లవారి చూస్తే జాలీకి ఇటొకటి అటొకటి, ఒకే చోట ఒళ్లు ఆనించి పడుకుని ఉన్నాయి. దవడ పళ్లు ఒకసారి అరగదీయించాం, మత్తు నుంచి బాగానే తేరుకుంది. ఈ రోజు మల్లి 281, రెండోది 436.

గడ్డిపరక
రేపటిది కూడా రాయండి.